ఒకటో నంబరు ఖాళీగా ఉన్న వారం

“అలా పట్టుకుంటే దుప్పటి కాదు, చేపల వల అవుతుంది. బొటనవేళ్ళు లోపలికి పెట్టండి. ఆఁ, అలా. ఇప్పుడు లాగండి. ఇంకా లాగండి, భయమెందుకు, చిరిగితే కుట్టేదాన్ని ఎదురుగానే ఉన్నాగా. ఇంతకీ ఎక్కడ ఆపాను?”

“పిన్నుల డబ్బా దగ్గర.”

“అబ్బే, డబ్బా తర్వాత వస్తుంది. ముందు లిస్టు సంగతి చెప్పాలి. లిస్టు చెప్పకుండా డబ్బా చెప్తే పెళ్ళికొడుకు లేని పెళ్ళిలా ఉంటుంది.”

దుప్పటి రెండో కొస పట్టుకున్నది నెల కిందట సంచి పిడి తెగి కుట్టించుకోవడానికి వచ్చిన మనిషి. సంచి పని ఆ రోజే అయిపోయింది. అయినా ప్రతి శనివారం మధ్యాహ్నం రెండు అంతస్తుల మెట్లెక్కి రావడం మానలేదు. మాటల కోసమే వస్తున్నారని ఆమెకు తెలుసు. రావద్దని అనలేదు. వినేవాళ్ళ చేతులు ఖాళీగా ఉండకూడదన్నది మాత్రం ఆమె నియమం. మొదటి వారం దారం ఎక్కించడం, రెండో వారం చిరుగుల చుట్టూ సుద్దగీత గీయడం, ఇవాళ దుప్పట్లు మడత పెట్టడం.

ఆమెను ఆసుపత్రిలోనూ చర్చి సంఘంలోనూ కూడా అతుకులక్క అంటారు. ఆసుపత్రి బట్టల గదిలో ఆమెది చిరుగులు బాగుచేసే పని. పొద్దున్న అక్కడ కుట్టి, మిగిలినవి మూటగట్టుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. మూడేళ్ళ నుంచి ఇదే పద్ధతి. మూడేళ్ళ కిందట ఆమె భర్తకు కుడి పక్క పడిపోయింది.

ఇల్లంటే రెండు గదులు. వెనక గదిలో పొయ్యి, నీళ్ళ తొట్టి, బట్టల తీగ. ముందు గదిలో కిటికీ పక్కన ఇనప మంచం. దాని పైన, దూలానికి కట్టిన తాడు. ఆయన ఎడమచేత్తో పట్టుకుని కాస్త పైకి లేవడానికి. మంచానికి జానెడు ఎడంగా కుట్టుమిషను. మిషను తొక్కుతూ తల తిప్పితే చాలు, ఆయన మొహం కనిపిస్తుంది. కిటికీ గట్టు మీద అలారం గడియారం. రెండు గంటలకోసారి మోగుతుంది. మోగినప్పుడల్లా ఆయన్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి. ఆమె ఆసుపత్రిలో ఉండే పొద్దున్నపూట ఆ పని ఎదురింటి వదిన చేస్తుంది. ఆలస్యమైతే వీపు కందుతుంది, కందితే పుండు పడుతుంది. ఈ మూడేళ్ళలో ఒక్క పుండు పడలేదు. ఆసుపత్రి నర్సులే వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నారు.

“లిస్టు,” అంది అతుకులక్క, మడత పెట్టిన దుప్పటిని ఒళ్ళో వేసుకుని కూర్చుంటూ. “మా ఆడవాళ్ళ ప్రార్థన కూడిక బుధవారం సాయంత్రం. ముప్ఫై మందిమి. ఎవరికేం కష్టమొచ్చినా చీటీ రాసి ఇస్తారు. అవన్నీ ఒక కాగితం మీద వరసగా నేను రాస్తాను. కాగితం మధ్యలోకి మడత. ఎడమ పక్క ‘అడిగేవి’, కుడి పక్క ‘అందినవి’. అడిగింది అందిందనుకోండి, పేరు ఎడమ పక్క నుంచి కుడి పక్కకు పోతుంది, అందరం స్తోత్రం చెప్తాం. మనిషి పోతే ఆ పేరు తీసేసి ఇంట్లోవాళ్ళ పేరు రాసి పక్కన ‘ఆదరణ’ అని పెడతాం. అంతే, ఈ రెండే దార్లు. పేరు ఊరికే మాయం కావడమన్నది మా లెక్కలో లేదు. లెక్కంటే గుర్తొచ్చింది, ఈ పద్ధతి పెట్టింది టీచరమ్మ.”

టీచరమ్మ ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. కూడికకు పెద్ద. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి అని సంఘంలో అందరూ అంటారు. “లెక్కపెట్టి ఊరుకోదు, రెండోసారి సరిచూస్తుంది” అని అతుకులక్క దానికి కలుపుతుంది.

లిస్టు ప్రతి వారం కొత్తగా రాయాలి. శనివారం మధ్యాహ్నం పాత కాగితం మిషను బల్ల మీద పెట్టుకుని, చూసి కొత్త కాగితంలోకి ఎక్కించాలి. ముందు చేరిన పేరు పైన, కొత్తగా చేరినది కింద. మొదట్లో ఆమె భర్త పేరు పద్నాలుగో నంబరు. పైనున్నవాళ్ళలో కొందరికి ఉద్యోగాలొచ్చాయి, కొందరికి పిల్లలు పుట్టారు, ఇద్దరు పోయారు. ఒక్కొక్కరూ జరిగిపోతుంటే ఆయన మెట్లెక్కినట్టు పైపైకి వచ్చాడు. ఏడాదిన్నరగా ఒకటో నంబరు ఆయనదే. పక్కన ‘స్వస్థత’ అన్న మాట.

“బడిలో ఎప్పుడూ ఫస్టు రాని మనిషి,” అంది అతుకులక్క మంచం వైపు చూసి. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. “ఇక్కడ మాత్రం ఏడాదిన్నర ఎవరికీ వదల్లేదు.”

నవ్వాల్సిన చోట ఆమె నవ్వలేదు.

ఆయన బోర్డుల పెయింటరు. కొట్ల మీద, బళ్ళ మీద, డాక్టర్ల గుమ్మాల మీద అక్షరాలు రాసేవాడు. స్కేలు పెట్టకుండా గీత గీస్తే నీళ్ళ మట్టం కూడా తల వంచుకోవాలి. ఒకసారి పళ్ళ డాక్టరు బోర్డు మీద బాణం గుర్తు పొరపాటున ఎదుటి వైపుకు వేశాడు. ఎదురుగా ఉన్నది శవపేటికలు చేసే కొట్టు. దవడ వాచి వచ్చినవాళ్ళంతా మూడు రోజులు అక్కడికే వెళ్ళారు. వడ్రంగి కొలతల టేపు పట్టుకుని “ఎవరికండీ?” అని అడిగేవాడట. ఆ కథ ఆయన చెప్తుంటే సంఘం సంఘమంతా పొట్ట పట్టుకునేది. ఇప్పుడు అది అతుకులక్క చెప్పాల్సి వస్తోంది. ఆయనలా చెప్పడం ఆమెకు రాదు.

ఆయన రాసిన ఆఖరి బోర్డు ఒక చెప్పుల కొట్టుది. చివరి అక్షరం రాస్తుండగా చెయ్యి జారింది. రంగు గీత బోర్డు అడుగు దాకా వంకర లేకుండా దిగిపోయింది. కొట్టువాళ్ళు ఎందుకో దాన్ని మార్చలేదు. ఆమె ఆ వీధిలో నడవడం మానేసి చుట్టు తిరిగి వెళ్తుంది.

మొదటి ఏడు ఎంత ప్రార్థన చేసిందో ఆమెకే తెలియదు. ఉపవాసాలుంది. కన్నీళ్ళకు దిండు తడిసేది. సంఘం వంతులు వేసుకుని ఇంటికొచ్చి మంచం చుట్టూ మోకరించేది. రెండో ఏడు వంతులు పలచబడ్డాయి. అది తప్పని ఆమె అనుకోలేదు, ఎవరిళ్ళలో వాళ్ళ మంచాలుంటాయి. మూడో ఏటికి ఆమె సొంత ప్రార్థనే మారిపోయింది. కుళాయి తిప్పితే నీళ్ళు రాకుండా బుస్సుమని గాలి వస్తుందే, అలా. “తండ్రీ” అంటుంది. తర్వాత గాలి. అయినా రోజూ పొద్దున్న కుళాయి తిప్పడం మానలేదు, బకెట్టు కూడా కిందే పెట్టి ఉంచింది. అది విశ్వాసమో, అలవాటో ఆమె తేల్చుకోలేదు. తేల్చుకోవడానికి తీరిక కూడా లేదు, అలారం మోగేది.

“ఇప్పుడు డబ్బా,” అంది. “నెలన్నరైందనుకుంటా. ఒక శనివారం లిస్టు రాస్తున్నాను. మిషను బల్ల మీద ఇన్ని దుప్పటి ముక్కలు, కత్తెర, సుద్ద. పాత కాగితం ఎగిరిపోకుండా పై అంచు మీద పిన్నుల డబ్బా పెట్టాను. అది సరిగ్గా ఒకటో నంబరు మీద కూర్చుంది. నాకు కనబడిన మొదటి గీత రెండో నంబరుది. ట్యాంకరు డ్రైవరు కూతురికి ఉద్యోగం. దాన్ని కొత్త కాగితంలో ఒకటి అని రాశాను. అక్కణ్ణుంచి కిందికి రాసుకుంటూ పోయాను. ఆ పక్క వారం ఆ కాగితం చూసి ఇంకోటి. దాన్ని చూసి ఇంకోటి. తప్పుకి పిల్లలు పుట్టినట్టు ఐదు వారాలు.”

“ఐదు వారాలూ మీరు గమనించలేదా?”

“అదే కదా నేను చెప్తున్నది.” దుప్పటి అంచును గోటితో నొక్కుకుంటూ పోయింది. “రాయడమే కాదు. బుధవారం కూడికలో లేచి నిలబడి చదివేదాన్ని కూడా నేనే. ఐదు బుధవారాలు నా నోటితో చదివాను. నాలుక తడబడలేదు. ముప్ఫై మంది కళ్ళు మూసుకుని విన్నారు, ఆమెన్ అన్నారు. వాళ్ళననడానికి నాకు నోరెక్కడిది? వాళ్ళకు ఆయన పేరు ఒక పేరు. నాకు మొగుడు.”

టీచరమ్మ ఆ ఐదు శనివారాలూ ఊళ్ళో లేదు. కంట్లో శుక్లాలకు ఆపరేషన్ చేయించుకుని కూతురింట్లో ఉంది. తిరిగొచ్చిన మొదటి బుధవారం కూడిక అయిపోయాక, కొత్త కళ్ళతో కాగితం పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివింది. అతుకులక్క బెంచీలు సర్దుతోంది.

“అమ్మాయ్, మీ ఆయన ఏడే?”

“ఎక్కడికి పోతాడు టీచరమ్మా, మంచం మీదే ఉన్నాడు.”

“మంచం మీద ఉన్నాడు సరే. కాగితం మీద ఎక్కడున్నాడు? ఎడమ పక్క లేడు, కుడి పక్కా లేడు. నయమైతే కుడి పక్కకు రావాలి. పోతే నాకు కబురు రావాలి. రెండూ కాలేదు. మరి ఏమయ్యాడు?”

అతుకులక్క కాగితం తీసుకుని చూసింది. ఒకటి, ట్యాంకరు డ్రైవరు కూతురు. ఆ పైన కాగితం అంచు. మళ్ళీ చూసింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఆగింది. రాలేదు. సిగ్గేస్తుందేమో అనుకుంది. అదీ వేయలేదు. చేతి మీద మరిగే నీళ్ళు పడ్డప్పుడు, చర్మం ఎర్రబడటం కళ్ళకు కనిపిస్తూ, మంట మాత్రం ఇంకా మొదలవని క్షణం ఒకటి ఉంటుంది. అలాంటి క్షణంలో నిలబడినట్టుంది. ఆ క్షణం ఆ బుధవారం నుంచి ఇవాళ్టి దాకా, పది రోజులు, అలాగే సాగుతోంది.

“కంగారుపడకు, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది,” అంది టీచరమ్మ. “శనివారం రాసేటప్పుడు ఎక్కించెయ్. ఒకటో నంబరు, స్వస్థత.”

“అలాగే” అనేసి వచ్చి ఉంటే సరిపోయేది. ఆమె నోట వచ్చిన మాట వేరు.

“ఎక్కించలేను టీచరమ్మా.”

“ఎందుకని?”

“ఈ ఐదు వారాలూ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆయన ఎలా ఉన్నాడు? అలాగే ఉన్నాడు. అడిగినప్పుడెలా ఉన్నాడో, అడగనప్పుడూ అలాగే. ఇప్పుడు మళ్ళీ ఆ మాట నేను రాస్తే, చేత్తో రాసినట్టే గానీ మనసుతో రాసినట్టు కాదు. దేవుడి దగ్గరికి పోయే కాగితం మీద నేనెలా రాయను?”

టీచరమ్మ బైబిలు వాక్యం చెప్తుందనుకుంది. విశ్వాసం గురించి రెండు ముక్కలు చెప్పి తల నిమురుతుందనుకుంది. ఆవిడ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

“రాయలేకపోతే రాయకు. కానీ గీత వదిలిపెట్టు. నంబరు వేసి పక్కన ఖాళీ ఉంచు. లెక్క రాకపోతే పిల్లలు పేజీ చింపేస్తారే, అది నాకు గిట్టదు. లెక్క నంబరు వేసి ఖాళీ ఉంచితే ఎప్పుడో ఒకప్పుడు చెయ్యొచ్చు.”

“పోయిన శనివారం మీరు వచ్చినప్పుడు నేను సరిగ్గా మాట్లాడలేదు, గుర్తుందా?” అని అడిగింది అతుకులక్క. “వేళాకోళం చేసినా ఉలకలేదని మీరు అనుకుని ఉంటారు. అప్పుడే ఆ గీత వదులుతున్నాను. ఒకటి అని వేసి, చుక్క పెట్టి, కిందికి దిగాను. ఖాళీ గీత వదలడం ఇంత బరువని నాకు తెలీదు.”

మొన్న బుధవారం ఆ కాగితమే చదవాల్సి వచ్చింది. లేచి నిలబడి “ఒకటి” అంది. ఆగింది. ముందు వరసలో ఒకామె కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది. ఎవరో దగ్గారు. గోడ గడియారం చప్పుడు మొట్టమొదటిసారి ఆ గదిలో వినబడింది. ఆమె కూడా కళ్ళు మూసుకుంది. ఏమీ అడగలేదు, అడగడానికి ఏమీ తట్టలేదు. ఎంతసేపైందో తెలియదు. టీచరమ్మ నెమ్మదిగా “రెండు” అంది. అప్పుడు రెండో నంబరు చదివింది.

కూడిక అయ్యాక ఎవరూ ఆ ఖాళీ గురించి అడగలేదు. ఇద్దరు ముగ్గురు మాత్రం వెళ్తూ వెళ్తూ ఆమె మోచెయ్యి పట్టుకుని వదిలారు. అంతే. ఆ పట్టు కూడా ఎవరి చేతినో పట్టుకున్నట్టుగా ఉంది తప్ప తన చేతిని పట్టుకున్నట్టు అనిపించలేదు.

“ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆయనకు చెప్పేశాను. దాచి ఏం చెయ్యను? మొహం కడుగుతూ చెప్పాను. ‘ఏమండీ, లిస్టులో మీ పేరు వదిలేశాను. ఐదు వారాలు. డబ్బా అడ్డమొచ్చింది, చూసుకోలేదు’ అన్నాను. ఏమన్నాడో తెలుసా?”

ఆయన మాటలు నెమ్మది. ఒక్కొక్క మాటకూ నోట్లో వెతుక్కోవాలి. కుడి చెంప కదలదు కాబట్టి మాట ఎడమ మూల నుంచి వస్తుంది. కొత్తవాళ్ళకు అర్థం కాదు. ఆమెకు అర్థమవుతుంది.

“‘తెలుసు’ అన్నాడు.”

“ఆయనకెలా తెలుసు?”

“అక్షరాల మనిషి కదండీ. తలకిందులుగా ఉన్నా చదువుతాడు. మంచం మీంచి చూస్తే నేను రాసే కాగితం తలకిందులుగానే కనబడుతుంది. మొదటి శనివారమే చూశాడట. రెండో శనివారం చూశాడట. ఐదూ చూశాడు. నాకు ఒళ్ళు మండింది, ఆ మాత్రమైనా మండినందుకు సంతోషించాలి. ‘చూసి నోరు మూసుకుని ఎలా ఉన్నారు? ఒక్క మాట చెప్పొచ్చుగా!’ అని అరిచాను. ఎదురింటి వదిన తలుపు తీసి చూసింది, ఏం కొంప మునిగిందోనని. ఆయన అప్పుడేమన్నాడంటే...”

అతుకులక్క మంచం వైపు చూసి గొంతు తగ్గించింది.

“‘రాస్తావులే... అని... ఊరుకున్నా’ అన్నాడు.”

దుప్పటి పక్కన పెట్టింది. చేతులు ఒళ్ళో ఖాళీగా ఉండిపోయాయి, తన నియమం తనకే గుర్తు లేనట్టు.

“అంతే అన్నాడు. కోపం లేదు, నిష్ఠూరం లేదు. వారం వారం చూస్తున్నాడు, లేదు, లేదు, లేదు. రాస్తుందిలే అని అటు తిరిగి పడుకున్నాడు. అటు తిప్పేది కూడా నేనేననుకోండి.” మళ్ళీ తనే అంది, “నేను మూడేళ్ళు అడిగాను కదా దేవుణ్ణి. ఆయన ఐదు వారాలు నన్నేమీ అడగకుండా ఎదురుచూశాడు. ఇందులో ఎవరిది గొప్ప అని కాదు. అలా కూడా ఉండొచ్చని నాకు తట్టలేదు, అంతే. ఆ మాట వింటే ఎవరైనా ఏడుస్తారు. నాకు రాలేదు. గిన్నె తీసుకెళ్ళి కడిగాను. గిన్నె కడిగి వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ‘తండ్రీ’ అని కుళాయి తిప్పాను. గాలే వచ్చింది. కానీ లేవాలనిపించలేదు. అలారం మోగేదాకా కూర్చున్నా.”

వచ్చినవారు మడత పెట్టిన దుప్పట్లు ఒకదాని మీద ఒకటి సర్దారు. ఓదార్పు మాటలు చెప్పకపోవడమే నచ్చి ఆమె ఈ మనిషిని రానిస్తోంది.

మిషను బల్ల మీద ఈ వారం లిస్టు ఉంది. రెండు నుంచి ఇరవై మూడు దాకా రాసేసింది. పైన ‘ఒకటి’, చుక్క, ఖాళీ. పిన్నుల డబ్బా ఇప్పుడు బల్ల మీద లేదు, గోడకు మేకు కొట్టి దానికి వేలాడదీసింది. ఇవాళ సాయంత్రానికి లిస్టు టీచరమ్మకు అందాలి. రెండో వారం కూడా ఖాళీ పంపితే టీచరమ్మ ఏమీ అనదు. కానీ మూడో వారం, నాలుగో వారం కూడా ఖాళీ వెళ్తే, మోచెయ్యి పట్టుకున్న ఆడవాళ్ళకు ఆ ఖాళీ కూడా అలవాటైపోతుంది. తనకూ అలవాటైపోతుంది. ఆమె భయమల్లా అదే. భయం అని కూడా అనలేం. భయం ఉండాల్సిన చోటు అది అని తెలియడం, అంతే.

అలారం మోగింది.

“లేవండి, మీరూ ఒక చెయ్యి వెయ్యండి. దుప్పటి కూడా ఇప్పుడే మార్చేద్దాం. ఇందాక మడత పెట్టామే, అది ఇలా ఇవ్వండి.”

ఆ దుప్పటి నడుమలో నిలువునా ఒక కుట్టు ఉంది. ఆసుపత్రి దుప్పట్లు మధ్యలోనే అరుగుతాయి, మనిషి బరువంతా అక్కడే కాబట్టి. అంచులు కొత్తగానే ఉంటాయి. పలచబడ్డదాన్ని పారేయకుండా నిలువునా రెండుగా కత్తిరించి, కొత్తగా ఉన్న అంచులు రెండూ మధ్యకు తెచ్చి కలిపి కుడుతుంది. అరిగిన భాగం పక్కలకు పోయి పరుపు కిందికి దోపుకుంటుంది. ఇంకో రెండేళ్ళు నడుస్తుంది. చిక్కల్లా మధ్యలో పడే ఆ కుట్టుతోనే. కదలలేని మనిషి వీపు కింద దారం మందం కూడా రాయిలా గుచ్చుకుంటుంది. అందుకని అంచు మీద అంచు ఎక్కనివ్వదు. పక్కపక్కన ఆనించి, మిషను మీద కాకుండా చేత్తోనే కుట్టి, తడిపి, గాజు సీసాతో రుద్ది చదును చేస్తుంది. చదునైందో లేదో తేల్చేది మాత్రం ఆయన. కొత్తగా కలిపిన ప్రతి దుప్పటీ మొదట ఆయన కింద పరుస్తుంది. పడిపోని ఎడమ పక్క మీద కాసేపు పడుకుని “ఉంది” అంటే, కుట్టు గుచ్చుకుంటోందని అర్థం. మళ్ళీ రుద్దాలి. “లేదు” అంటే వార్డుకు పోవచ్చు. ఆయన సరే అంటేనే అది మళ్ళీ ఆసుపత్రిలో ఉతుక్కి వెళ్తుంది. బట్టల గదిలో పెద్ద నర్సు కూడా “పెయింటరుగారు పాస్ చేశారా?” అని అడిగి మరీ తీసుకుంటుంది.

అతుకులక్క మంచం మీదికి వంగి ఒక చెయ్యి ఆయన భుజం కింద, ఒక చెయ్యి నడుం కింద పెట్టింది. “ఏమండీ, ఎడమ పక్కకు. తాడు పట్టుకోండి. ఒకటి, రెండు...” వచ్చినవారు పాత దుప్పటి లాగి కొత్తది పరుస్తుంటే ఆయన్ని అటు పొర్లించింది. ఆయన మూలిగాడు. అదే ఊపులో ఆమె కూడా భుజం పట్టేసి పళ్ళ బిగువున “అబ్బా” అంది. వెంటనే నవ్వుతున్నట్టు మొహం పెట్టి, పాత దుప్పటి ఉండ చుట్టింది.

ఆయన కళ్ళు తెరిచాడు. దుప్పటి సంగతి చెప్తాడని ఆమె వంగి చెవి పెట్టింది.

“ఉందా, లేదా?”

ఆయన నోరు కాసేపు వెతుక్కుంది.

“భుజం.”

“భుజం దగ్గర గుచ్చుకుంటోందా? కుట్టు అక్కడికి రాదే.”

ఎడమచెయ్యి తాడు మీంచి దిగింది. గాల్లో కొంచెం ఊగి, మిషను బల్ల మీది కాగితం వైపు తిరిగింది.

“రాయి.”

“ఏం రాయను?”

“భుజం... నొప్పి.”

అతుకులక్క నడుం నిటారు చేసుకుని నిలబడింది. “బాగుందండీ! కూడికలో ముప్ఫై మంది ముందు లేచి ‘భుజం నొప్పి’ అని చదవనా? ఒకామె బిడ్డ కోసం ఎదురుచూస్తోంది. ఒకామె కొడుకు జైల్లో ఉన్నాడు. వాళ్ళ పైన, ఒకటో నంబరు, భుజం నొప్పి!”

ఆయన ఎడమ చెంప కొంచెం పైకి లేచింది. అది నవ్వు. దానికి అలవాటు పడిన వాళ్ళకే తెలుస్తుంది.

“సరే, ఎవరిదని రాయాలి? మీదా, నాదా?”

ఈసారి మాట వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. ఆమె తొందరపెట్టలేదు. కిటికీ బయట ఎక్కడో బండి వెనక్కి తీస్తున్న కూత వినిపించి ఆగిపోయింది.

“ఏదో... ఒకటి.”

కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ వెంటనే తెరిచి, మర్చిపోయిన పని గుర్తొచ్చినట్టు, “లేదు,” అన్నాడు. దుప్పటి పాసైంది.

అతుకులక్క మిషను ముందు కూర్చుంది. పెన్ను తీసుకుంది. ఆమె మొహంలో పెద్ద మార్పేమీ లేదు. ఒకటి, చుక్క పక్కన ఆయన పేరు రాసింది. పేరు రాయడానికి ఆమె అనుకున్నంత సేపు పట్టలేదు. పక్కన ‘భుజం’ అని రాసింది. పెన్ను పైకెత్తి ఆగింది. ‘స్వస్థత’ అన్న మాట రాయలేదు. అది అబద్ధమవుతుందని కాదు. ఇవాళ అడగగలిగింది ఇదొక్కటే. రేపటిది రేపు. సిరా ఆరేదాకా కాగితం మీద నోటితో ఊదింది.

“రాశాను,” అంది మంచం వైపు తల తిప్పి.

ఆయనకు నిద్ర పట్టేసింది. ఆమె కాసేపు అలాగే చూస్తూ కూర్చుంది. పెదవులు కదిలాయి. “తండ్రీ” అన్నట్టుంది. తర్వాత ఏమన్నదో వినిపించలేదు. ఏమీ అనలేదేమో కూడా.

మామూలుగా శనివారం సాయంత్రం ఎదురింటి వదినను కూర్చోబెట్టి లిస్టు ఆమే తీసుకెళ్ళేది. టీచరమ్మ ఒక్కొక్క గీతా సరిచూసేదాకా గుమ్మంలో నిలబడి, ఏమంటుందో విని, తిరిగొచ్చేది. ఇవాళ వదిన చెల్లెలింటికి వెళ్ళింది. బయట మబ్బు పట్టింది. అతుకులక్క కాగితాన్ని మధ్యకు మడిచి, అడిగేవి లోపలికి, అందినవి లోపలికి పెట్టి, వచ్చినవారి చేతిలో ఉంచింది.

“మీరు వెళ్ళే దారే కదా, ఈ పని చేసిపెట్టండి. సంచిలో పెట్టుకోండి, వాన వచ్చినా తడవదు, పిడి నేను కుట్టిందే కాబట్టి తెగదు. టీచరమ్మ ఇల్లు మలుపు తిరిగాక మూడో తలుపు. గట్టిగా కొట్టాలి, కళ్ళు బాగయ్యాయి గానీ చెవులు బాగవలేదు. ఆవిడ చేతికే ఇచ్చి వచ్చెయ్యండి. చదువుతుందా, ఏమంటుందా అని నిలబడొద్దు. ఏమన్నా నాకొచ్చి చెప్పనూ వద్దు. వెళ్తూ వెళ్తూ ఆ తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వెయ్యండి, ఆయన ఇప్పుడే పడుకున్నాడు.”